మూడు కళ్ళు - ఒక చెవి

పిల్లలూ! పలకకూ, సినిమాకూ ఏమిటి సంబంధం? ఒక్క నిమిషం ఆలోచించి చెప్పండి చూద్దాం.

మా దర్శికి పడమరగా మార్కాపురం అనే ఊరుంది. పలకలకు పెట్టింది పేరు. అక్కడి గనుల్లోంచి తీసిన నల్లని పలకరాతిని పలచగా చీల్చి, నునుపు చేసి, చుట్టూ చెక్క చట్రం బిగించేవారు. మీ తాతలూ, మామ్మలూ అటువంటి పలక మీదే ‘అ, ఆ’లు దిద్దుకుని ఉంటారు. సినిమా తీసేవారికి కూడా ఒక పలక ఉంది. వాళ్ళూ దానిని ‘పలక’ అనే అర్థం వచ్చే ‘స్లేట్’ అనే మాటతోనే పిలుస్తారు. దాని మీద సినిమా పేరు, దృశ్యం సంఖ్య, అది ఎన్నోసారి తీస్తున్నారో ఆ సంఖ్య సుద్దముక్కతో రాసి, కెమెరా ముందు పట్టుకుంటారు. పైన ఒక కర్ర బద్ద బందుతో బిగించి ఉంటుంది. దానిని ‘టప్’మని కొట్టి పక్కకు తప్పుకుంటారు.

రాయడం సరే, ఆ ‘టప్’ దేనికి? షూటింగు మొదలయిందని అందరికీ చెప్పడానికేనా? కాదు. ఆ ఒక్క దెబ్బ విలువ ఏమిటో మొన్నమొన్నటి వరకూ ఈ సైన్సు మాష్టారికి కూడా సరిగా తెలియదు. తెలిసిన విధం చెబుతాను, వినండి.

మా బడిలో జరిగిన సంగతి

మా బడిలో తెలుగు పండితులుగా పనిచేసి రిటైరయిన పెద్దాయన ఒకరు ఉండేవారు. పద్యం ఎత్తుకుంటే ఊరి చివర వరకూ వినిపించేది. ఒక ఏడు వార్షికోత్సవానికి ఆయనను పిలిచి, హరిశ్చంద్ర కాటిసీను పద్యాలు పాడమని కోరాం. డెబ్బయి దాటిన వయసులో, హార్మోనియం, తబలా తోడుగా నలభై నిమిషాలు పాడారు.

ఆ కార్యక్రమాన్ని మూడు సెల్‌ఫోన్లు వీడియో తీశాయి. నా ఫోను హార్మోనియం పక్కన ఒక స్టూలు మీద ఉంది. పదో తరగతి అమ్మాయి వేదిక పక్క నిలబడి మాష్టారి ముఖాన్ని దగ్గరగా తీసింది. తొమ్మిదో తరగతి అబ్బాయి వెనుక వరండా గట్టు మీద ఫోను ఆనించి మొత్తం వేదికను తీశాడు. ఎవరి ఫోను వారు, ఎవరికి తోచిన క్షణాన మొదలుపెట్టారు. ‘టప్’మని కొట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

తరువాతి వానాకాలంలో మాష్టారు కాలం చేశారు. కొన్నాళ్ళకు ఆయన కుమార్తె బడికి వచ్చారు. “నాన్నగారి పద్యాలు ఇంట్లో ఎక్కడా లేవు మాష్టారూ! ఆనాడు మీరు తీశారట కదా, ఇస్తారా?” అని అడిగారు. మూడు ఫోన్ల వీడియోలూ కంప్యూటరులోకి ఎక్కించి, నాకు తెలిసినంతలో అతికించి చూపించాను. ఆమె రెండు నిమిషాలు చూసి, “నాన్నగారు పాడుతున్నట్టు లేదండీ. ఆయన నోరు కదిలిస్తుంటే వెనుక ఇంకెవరో పాడుతున్నట్టుంది” అన్నారు.

నిజమే! తబలా మీద చెయ్యి పడిన తరువాత ఎప్పటికో దెబ్బ వినిపిస్తోంది. బొమ్మకూ, పాటకూ పొత్తు కుదరలేదు. ఆమె వెళ్ళిపోయాక వీడియో తీసిన పిల్లలిద్దరినీ పిలిచాను. ముగ్గురం కూర్చుని తప్పు ఎక్కడుందో వెదకడం మొదలుపెట్టాం.

బొమ్మ ఒకచోట, శబ్దం ఒకచోట

వీడియో అంటే కదిలే బొమ్మ అనుకుంటాం. నిజానికి కదలని బొమ్మల వరుస అది. ఒక్కొక్క బొమ్మను ఫ్రేము అంటారు. సినిమాలో సెకండుకు 24 ఫ్రేములు, మన దేశపు టెలివిజన్‌లో 25, మా సెల్‌ఫోన్లలో 30. మరి శబ్దం? దానికి ఫ్రేములు లేవు. గాలి ఒత్తిడిలో వచ్చే మార్పును మైకు సెకండుకు 48,000 సార్లు కొలిచి, ఆ అంకెలను వరుసగా దాస్తుంది. అంటే బొమ్మకు ఒక లెక్క, శబ్దానికి ఒక లెక్క. ఈ రెండింటినీ జోడు తప్పకుండా నడిపించడమే అసలు కష్టం.

ఈ కష్టం ఈనాటిది కాదు. మన దేశంలో మొదటి టాకీ చిత్రం ‘ఆలం ఆరా’ 1931 మార్చి 14న బొంబాయిలో విడుదలయింది. తీసినవారు అర్దెషీర్ ఇరానీ. స్టూడియో పక్కనే రైలు పట్టాలు ఉండడంతో, రైళ్ళ రొద లేని అర్ధరాత్రి వేళల్లో చాలా భాగం తీశారట! మరుసటి ఏడు, 1932 ఫిబ్రవరి 6న, హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో మన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ వచ్చింది. తరువాతి కాలంలో పెద్ద దర్శక నిర్మాతగా పేరు పొందిన ఎల్.వి. ప్రసాద్ ఈ రెండు చిత్రాల్లోనూ చిన్న వేషాలు వేశారు.

‘ఆలం ఆరా’లో బొమ్మనూ, శబ్దాన్నీ ఒకే ఫిల్ము మీద పట్టారు. అలా అయితే పొత్తు ఎలా తప్పుతుంది అంటారేమో? ఇక్కడే ఒక తమాషా ఉంది. బొమ్మ పడేచోట ఫిల్ము ఆగి ఆగి కదలాలి. ఆగకపోతే బొమ్మ అలుక్కుపోతుంది. శబ్దం పట్టేచోట ఫిల్ము ఆగకుండా నున్నగా సాగాలి. ఆగితే పాట గుటకలు మింగుతుంది. ఒకేచోట రెండు పనులూ జరగవు కనుక ఆ రెండు చోట్లనూ కాస్త ఎడంగా పెట్టారు. అందువల్ల 35 మిల్లీమీటర్ల సినిమా ఫిల్ములో ఒక బొమ్మకు చెందిన శబ్దం సుమారు 20 ఫ్రేముల ముందు ఉంటుంది. బొమ్మ దగ్గర కత్తెర వేస్తే ముక్కాలు సెకండు పైచిలుకు మాట అటో ఇటో పోతుంది!

అమెరికాలో 1928-30 ప్రాంతాల్లో ఇంకో ఇబ్బంది. కొన్ని కంపెనీలు శబ్దాన్ని గ్రామఫోను రికార్డు వంటి పళ్ళెం మీద పట్టేవి. పళ్ళేన్ని కత్తిరించి అతకలేం కదా! అందుకని ఒకే దృశ్యాన్ని మూడు నాలుగు కెమెరాలతో ఒకేసారి తీసేవారు. మోటారు చప్పుడు మైకులో పడకుండా ఒక్కొక్క కెమెరానూ, దానిని తిప్పే మనిషినీ ఒక గదిలో పెట్టి మూసేసేవారు. పాట ఆగకుండా సాగుతుంది. బొమ్మను మాత్రం ఒక కెమెరా నుంచి ఇంకో కెమెరాకు మార్చుకుంటారు. చెవి ఒకటే, కళ్ళు అనేకం. మా బడిలో తెలియకుండానే మేము చేసినదీ అదే.

‘టప్’ చేసే పని

తరువాత శబ్దాన్ని వేరే ఫిల్ము మీద, ఆ తరువాత వేరే టేపు మీద పట్టడం వాడుకలోకి వచ్చింది. అప్పుడు పలకకు ప్రాధాన్యం పెరిగింది. కర్ర బద్ద పలకకు తాకిన ఫ్రేము బొమ్మల వరుసలో ఒక్కటే ఉంటుంది. శబ్దం వరుసలో ‘టప్’ అన్నచోట నిలువుగా ఒక ముల్లు లేస్తుంది. ఆ ఫ్రేమునూ, ఈ ముల్లునూ ఎదురెదురుగా పెడితే చాలు, అక్కడి నుంచి అంతా కుదురుకుంటుంది.

మరి మాకు పలక లేదే! మాష్టారి రాగం సాగదీసిన దారంలా ఉంటుంది. దానికి మొన లేదు, ఎక్కడ పట్టుకోవాలి? అప్పుడు ఆ అమ్మాయి, “సార్, మొదట్లో గంట కొట్టారు కదా!” అంది. అవును! జనం గోల ఆపడానికి వేదిక పక్క వేపచెట్టుకు కట్టిన బడిగంటను అటెండరు గట్టిగా ఒక దెబ్బ కొట్టాడు. అంతా అయ్యాక భోజనాలకు పిలవడానికి ఇంకో దెబ్బ కొట్టాడు. ఆ రెండు దెబ్బలూ మూడు ఫోన్లలోనూ పడ్డాయి. అదే మా పలక!

కంప్యూటరు తెరమీద మూడు శబ్దాల గీతలను ఒకదాని కింద ఒకటి పరిచాం. గంట కొట్టినచోట మూడింటిలోనూ ముల్లు లేచింది. మూడు ముళ్ళనూ ఒకే నిలువు గీత మీదకు జరిపాం.

ఈ జరపడాన్ని కంప్యూటరు తనంతట తాను కూడా చేయగలదు. ఎలాగో చిన్న లెక్కతో చూడండి. మొదటి ఫోను విన్న శబ్దం ఇలా ఉందనుకోండి: 0, 0, 5, 1, 0, 0. రెండో ఫోనులో: 0, 0, 0, 0, 5, 1. పై అంకెను కింది అంకెతో గుణించి, ఆ లబ్ధాలన్నీ కూడండి. మొత్తం 0 వస్తుంది. రెండో వరుసను ఒక గడి ఎడమకు జరిపి మళ్ళీ చేయండి. 5 వస్తుంది. రెండు గడులు జరిపితే 26! మూడు జరిపితే మళ్ళీ 5. ఎక్కడ మొత్తం అన్నిటికంటే పెద్దదో అక్కడే రెండు వరుసలూ కుదిరినట్టు. ఇదే పనిని కంప్యూటరు లక్షల అంకెలతో కొన్ని క్షణాల్లో చేస్తుంది. చేతితో చేయాలంటే మనకు ఏళ్ళు పడుతుంది.

మొదలు బాగుంది, చివర చెడింది

గంట పెట్టి కుదిర్చాక వీడియో నడిపించాం. మొదటి పద్యం చక్కగా ఉంది. హమ్మయ్య అనుకున్నాం. కాని చివరి పద్యం వచ్చేసరికి దూరపు ఫోను బొమ్మలో మళ్ళీ తేడా! నోరు ముందు కదులుతోంది, పాట వెనుక వస్తోంది. ఒకే వీడియో మొదట కుదిరి చివర ఎలా తప్పింది? వెదికితే ఒకటి కాదు, రెండు కారణాలు దొరికాయి.

మొదటిది దూరం. మెరుపు కనిపించిన కాసేపటికి ఉరుము వినిపిస్తుందని మీకు తెలుసు. కాంతి సెకండుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. ధ్వని గాలిలో, వాతావరణపు వేడిని బట్టి, సుమారు 340 నుంచి 350 మీటర్లే పోతుంది. వరండాలోని ఫోనుకు గంట కొట్టిన బొమ్మ వెంటనే అందింది. శబ్దం నడిచి రావాలి కదా! ఆ వీడియోను ఒక్కొక్క ఫ్రేమే జరిపి చూశాం. సుత్తి గంటకు తగిలిన తరువాత మూడు ఫ్రేములకు ముల్లు లేచింది. మూడు ఫ్రేములంటే సెకండులో పదోవంతు.

ఆ అబ్బాయి వెంటనే టేపు పట్టుకుని పరుగెత్తాడు. వేపచెట్టు నుంచి వరండా గట్టుకు 34 మీటర్లు! పదోవంతు సెకండులో 34 మీటర్లు అంటే సెకండుకు 340 మీటర్లు. పాఠంలో నేను ఎన్నోసార్లు నల్లబల్ల మీద రాసిన అంకెను వాళ్ళు తమ ఫోనులోంచే బయటికి తీశారు. అయితే ఒక హెచ్చరిక: ఒక్క ఫ్రేము అటూ ఇటూ అయినా జవాబు 255కో, 510కో పోతుంది. లెక్క ఇంత బాగా కుదరడంలో అదృష్టం పాలు కొంత ఉంది. కొలతలో ఎంత పొరపాటు రావచ్చునో చెప్పని జవాబు సగం జవాబే అని గుర్తుంచుకోండి.

మేము శబ్దాన్ని శబ్దంతో కలిపాం. దూరపు ఫోను శబ్దం పదోవంతు సెకండు ఆలస్యంగా వచ్చింది కనుక, దానిని ముందుకు లాగితే దానితోపాటు బొమ్మ కూడా ముందుకు వచ్చేసింది. శబ్దాలు కుదిరాయి, బొమ్మ మాత్రం మూడు ఫ్రేములు తొందరపడింది!

రెండో కారణం గడియారం. ప్రతి ఫోనులోనూ క్వార్ట్జ్ స్ఫటికం ఒకటి కంపిస్తూ ఉంటుంది. ఆ కంపనాలను లెక్కపెట్టే ఫోను కాలాన్ని కొలుస్తుంది. ఏ రెండు స్ఫటికాలూ అచ్చంగా ఒకేలా కంపించవు. చివరి గంట దగ్గర చూస్తే దూరపు ఫోను ముల్లు 0.12 సెకండు ముందే ఉంది. అంటే నలభై నిమిషాల కాలాన్ని, అనగా 2,400 సెకండ్లను, అది అంత తక్కువగా లెక్కపెట్టింది. 2,400ను 0.12తో భాగించండి. 20,000. ఇరవై వేలలో ఒక్క వంతు తప్పు! మీ ఇంటి గోడ గడియారం రోజుకు నాలుగు సెకండ్లు తప్పితే ఎవరైనా పట్టించుకుంటారా? అదే తప్పు ఇక్కడ మాష్టారి నోటికీ, పాటకూ మధ్య దూరింది.

మరి మొదట ఎందుకు తెలియలేదు? మొదట్లో ఉన్నది దూరం వల్ల వచ్చిన 0.1 సెకండు తేడా ఒక్కటే. చివరికి దానికి 0.12 కలిసి 0.22 అయింది. మన కంటికీ, చెవికీ మధ్య కొంత సర్దుబాటు ఉంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 1998లో ఇచ్చిన సిఫారసు ప్రకారం, శబ్దం బొమ్మ కంటే సుమారు 0.125 సెకండు ఆలస్యమయ్యే వరకూ చూసేవారు గుర్తించరు. కాని శబ్దమే ముందు వస్తే 0.045 సెకండుకే పట్టేస్తారు! ఆలస్యాన్ని ఓర్చుకునే మనిషి తొందరను ఎందుకు ఓర్చుకోడు? ప్రకృతిలో శబ్దం ఎప్పుడూ వెనుకే వస్తుంది. చెరువు అవతలి గట్టున చాకలి బండకేసి బట్ట బాదితే, ముందు బట్ట పడడం కనిపించి తరువాత చప్పుడు వినిపిస్తుంది. దానికి పుట్టినప్పటి నుంచీ అలవాటు పడ్డాం. బట్ట పడకముందే చప్పుడు రావడం ఎవరూ ఎరుగరు.

మరమ్మతు

తప్పు తెలిస్తే దిద్దడం తేలికే. దూరపు ఫోను వీడియోను ఇరవై వేలలో ఒక వంతు సాగదీశాం. తరువాత దాని బొమ్మను మూడు ఫ్రేములు వెనక్కు జరిపాం. అమ్మాయి ఫోను వేదిక పక్కనే ఉంది కనుక దానికి దూరపు బాధ లేదు. గడియారం తేడా కూడా ఒక్క ఫ్రేములోపే ఉంది.

కొన్ని సెల్‌ఫోన్లకు ఇంకో గుణం ఉంది. వెలుతురు తగ్గితే సెకండుకు తీసే ఫ్రేముల సంఖ్యను తామే తగ్గించేస్తాయి. అటువంటి వీడియోను ముందుగా ఒకే వేగానికి మార్చుకుని, ఆ తరువాతే అతకాలి.

ఇక శబ్దం. మూడింటిలో ఏది ఉంచాలి? హార్మోనియం పక్కన ఉన్న ఫోనులో పాట స్పష్టంగా ఉంది. దానినే నేలమీద చాపలా మొదటి నుంచి చివరి వరకూ ఎక్కడా తెగకుండా పరిచాం. మిగతా రెండింటి శబ్దం ఆపేశాం. ఆ చాపమీద బొమ్మలను పేర్చాం. పద్యం ఎత్తుకునేటప్పుడు దగ్గరి ముఖం, రాగం విస్తరించినప్పుడు మొత్తం వేదిక, తబలా జోరందుకున్నప్పుడు చేతులు. ఊపిరి తీసుకునే చోటే బొమ్మ మార్చాం. రాగం మధ్యలో మారిస్తే చూసేవారి మనసు తెగుతుంది. ఇంకో నియమం కూడా పాటించాలి. కెమెరాలన్నీ వేదికకు ఒకే వైపున ఉండాలి. ఒకటి అవతలి వైపుకు పోతే, కుడివైపు చూస్తున్న మనిషి మరుక్షణంలో ఎడమవైపు చూస్తున్నట్టు కనిపిస్తాడు.

టెలివిజన్ వారు ఈ పనినంతా అప్పటికప్పుడే చేస్తారు. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977లో ప్రారంభమయింది. అటువంటి స్టూడియోలో కెమెరాలన్నిటికీ ఒకే గడియారం నుంచి విద్యుత్ స్పందనలు పంపుతారు. అన్నీ ఒకే తాళానికి అడుగు వేస్తాయి. కనుక మీట నొక్కగానే ఒక కెమెరా నుంచి ఇంకో కెమెరాకు బొమ్మ అతుకు తెలియకుండా మారుతుంది. మా మూడు ఫోన్లు ఎవరి తాళం వారు వేసుకున్నాయి. అదీ తేడా!

శ్రీహరికోట నుంచి రాకెట్టు లేచేటప్పుడు ఐదు కిలోమీటర్ల దూరాన నిలబడి వీడియో తీశారనుకోండి. నిప్పు కనిపించిన తరువాత ఉరుము వంటి ఆ మోత మీ ఫోనుకు చేరడానికి దాదాపు 15 సెకండ్లు పడుతుంది. అప్పటికి రాకెట్టు ఆకాశంలో ఉంటుంది!

మీరూ చేసి చూడండి

మీ బడిలో ఇద్దరు మిత్రులు రెండు ఫోన్లు తీసుకోండి. ఒకరు దగ్గర, ఒకరు 50 మీటర్ల దూరంలో నిలబడండి. మూడోవారు చేతులు పైకెత్తి గట్టిగా ఒక చప్పట్టు కొట్టాలి. పది నిమిషాల తరువాత ఇంకొకటి. దూరపు వీడియోలో చేతులు కలిసిన ఫ్రేముకూ, చప్పుడుకూ మధ్య ఎన్ని ఫ్రేములున్నాయో లెక్కపెట్టండి. మూడు నాలుగు సార్లు చేసి సగటు తీయండి. ధ్వని వేగం వస్తుంది. రెండు చప్పట్ల మధ్య కాలాన్ని రెండు ఫోన్లలోనూ పోల్చితే ఎవరి గడియారం నెమ్మదో తెలుస్తుంది.

అన్నట్టు, మాష్టారి కుమార్తె సంగతి చెప్పలేదు కదూ! సరిచేసిన వీడియో చూడడానికి ఆమె మళ్ళీ వచ్చారు. ఆ అమ్మాయి తీసిన దగ్గరి బొమ్మలో మాష్టారు కళ్ళు మూసుకుని, నిండుగా ఊపిరి తీసుకుని పద్యం ఎత్తుకుంటారు. ఊపిరి వినిపించింది, పెదవి కదిలింది, మాట వచ్చింది. అన్నీ ఒక్క వరుసలో. ఆమె చివరి వరకూ కదలకుండా చూశారు. “ఇప్పుడు నాన్నగారే పాడుతున్నారు మాష్టారూ!” అన్నారు.

ఆనాడు అటెండరు గంట కొట్టకపోయి ఉంటే? మా పని ఎంత కష్టమయ్యేదో! పిల్లలూ, మీ ఇంట్లోనూ పాట పాడే అమ్మమ్మ ఉండవచ్చు, కథ చెప్పే తాతయ్య ఉండవచ్చు. వారిని వీడియో తీసే ముందు ఒకసారి, తీయడం అయ్యాక ఒకసారి, కెమెరాలన్నిటికీ కనిపించేలా చప్పట్టు కొట్టండి. మీ పలక ఎప్పుడూ మీ చేతుల్లోనే ఉంది.